ముందు కేక

పక్కీరప్ప మంచె మీద మోకాళ్లూని కంబళి మడుస్తున్నాడు. రెండు కొనలు గడ్డం కింద అదిమిపట్టి, మిగతాదాన్ని చేతులతో కిందికి జార్చి, పొట్ట దగ్గరికి రాగానే సగానికి మడిచాడు. మంచు తడి వాసన, బీడీ వాసన, తన ఒంటి వాసన కలిసి మడతల్లోంచి ముక్కుకు తగిలాయి. తెల్లవారుజామున ఈ వాసనంటే అతనికి లోలోపల ఇష్టం. రాత్రి గడిచిపోయిందని, ఇంటికి పోతే వేడి రొట్టె దొరుకుతుందని చెప్పే వాసన అది.

అప్పుడు ఏటి వైపు నుంచి కేక వచ్చింది.

"హోయ్... తెల్లారె హోయ్..."

అది పంపన్న గొంతు. హగరి ఏటిగట్టు మంచె మీద పుట్టి, మొక్కజొన్న చేను మీదుగా, చెనిక్కాయ మళ్ల మీదుగా సాగి, ఇవతల గుట్ట దాకా ఎక్కడా తెగకుండా వస్తుంది. పొగాకు నమిలినా, బీడీలు కాల్చినా చెడని గొంతు. పక్కీరప్ప బదులిచ్చాడు.

"హోయ్... దిగుతాండా హోయ్..."

తన కేక సగం చేను దాటేసరికే నీళ్లు పోసినట్టు పలచబడిపోతుందని అతనికి తెలుసు. కేకకు బదులు వస్తే మనిషి మెలకువగా ఉన్నాడని, ప్రాణంతో ఉన్నాడని గుర్తు. అడవిపందులు ఏటి ఒడ్డు జాలి ముళ్లకంపల్లోంచే వస్తాయి కాబట్టి ముందు కేక ఏటిమంచెది, బదులు గుట్టమంచెది. ఇది చేను ఆసామి రామసుబ్బారెడ్డి పెట్టిన పద్ధతి. ఆ రోజుకు ఇద్దరికీ మీసాలు కొత్త. రెడ్డి ముందు పక్కపక్కనే నిలబడ్డారు. పంపన్న అర అడుగు ముందుకు నిలబడ్డాడు. రెడ్డి వేలు అటే పోయింది. "నువ్వు ఏటికి పో. నువ్వు గుట్టకు పో." అంతే. ఆ అర అడుగును పక్కీరప్ప ఈనాటికీ దాటలేకపోయాడు.

ఆ తర్వాత ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ఏటిమంచెకే పోయింది. పెద్ద టార్చి పంపన్నకు. దాని అద్దం పగిలి, బిగించినచోట తుప్పు పట్టాక పక్కీరప్పకు. ఖాకీ ఉన్నికోటు పంపన్నకు. మోచెయ్యి దగ్గర చిరిగితే పంపన్న పెళ్లాం ఉచ్చెంగమ్మ పచ్చ గుడ్డ అతుకు వేసింది, అప్పుడది పక్కీరప్పకు వచ్చింది. పంపన్న పొడుగు, పక్కీరప్ప పొట్టి. కోటు చేతులు రెండు మడతలు వేసుకున్నా వేళ్ల కొసలే కనిపించేవి. మోక ఊళ్లో ఎవరెదురైనా "పంపన్న కోటు బాగుండాదే" అనేవాళ్లు. అలా అన్న ప్రతిసారీ పండు మిరపకాయ గింజ ఒకటి పంటికింద నలిగినట్టు ఉండేది. నీళ్లు తాగితే పోయే మంట కాదు. అయినా చలికాలం వస్తే ఆ కోటే తొడుక్కునేవాడు. ఇప్పుడూ అదే తొడుక్కుని మంచె దిగాడు.

ఇంట్లో సుంకలమ్మ రొట్టె తడుతోంది. జొన్నపిండి మీద ఆమె అరచెయ్యి టపటపా పడుతుంటే గాజులు జత కలుపుతున్నాయి. పెనం మీద రొట్టె ఉబ్బి, ఒక పక్కన చిల్లుపడి, ఆవిరి సన్నగా బయటికి వచ్చింది. మొదటి రొట్టె మొగుడికే. దాని మీద చెనిక్కాయల పొడి, పొడి మధ్యలో గుంట చేసి నూనె పోసింది. పక్కీరప్ప తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక్క క్షణం అతనికి ఎవరి మీదా కోపం లేదు.

"చిన్నరెడ్డి మధ్యాహ్నానికి రమ్మన్నాడంట," అంది సుంకలమ్మ. "ఏందో దుర్బీను తెప్పించినాడంటప్పా. చీకట్లో పందుల్ని చూపిస్తాదంట."

"నన్నా? పంపన్ననా?"

"ఇద్దర్నీ."

"ఆయప్పకు ముందు చెప్పింటారు."

"ఎవురికి ముందు చెప్తే ఏం? చెప్పినారు గదా." ఆమె రొట్టె తిరగేసింది. "నీకు రొట్టెలో కూడా పంపన్నే కనపడ్తాడు."

అతను ఇంకో ముక్క తుంచుకున్నాడు. రాత్రిపూట ఉచ్చెంగమ్మ వేడి ముద్ద, పప్పు క్యారియర్‌లో పెట్టుకుని ఏటిమంచె దాకా పోతుందనీ, మొగుడూ పెళ్లాలు కాసేపు నవ్వుకుంటూ కూర్చుంటారనీ, ఆ నవ్వు కూడా గాలివాటంగా గుట్టకు వినిపిస్తుందనీ సుంకలమ్మకు ఎన్నడూ చెప్పలేదు. సుంకలమ్మకు మోకాళ్ల నొప్పులు. గుట్ట ఎక్కలేదు. రమ్మని అడిగితే ఎక్కడ ఎక్కేస్తుందోనని అతను అడగలేదు.

*

చిన్నరెడ్డి అంటే రామసుబ్బారెడ్డి కొడుకు కేశవ. లారీల లెక్కలు చూసుకుంటాడు, ఈ మధ్య సేద్యం మీద కూడా మనసు పెట్టాడు. శ్రావణంలో పెళ్లయింది. పెళ్లాం అనూష అతనికి మేనమామ కూతురే. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా మెరుస్తోంది. ఆ ఇంట్లో ఇప్పుడు తలుపు తీసినా మూసినా నవ్వు వినపడుతుంది.

పక్కీరప్ప వెళ్లేసరికి పంపన్న అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నది ఆ ఒక్క స్టూలే. పక్కీరప్ప గడప పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పంపన్న నెరిసిన మీసాన్ని ఒక చేత్తో దువ్వుకుంటూ, ఇంకో చెయ్యి భుజం నుంచి కిందికి పిసుక్కుంటున్నాడు.

"నిన్నట్నుంచి ఈ చెయ్యి లాగుతాండాది సామీ. సైకిల్ తొక్కి తొక్కి."

పక్కీరప్పకు అది కూడా గొప్ప చెప్పుకోవడంలాగే తోచింది. ఆ సైకిల్ ఇంకా పాతబడలేదు. అందుకే తన దాకా రాలేదు.

బల్ల మీద రెండు దుర్భిణులు ఉన్నాయి. బళ్లారి అంగడివాడు చూసి తిరిగిమ్మని రేపటి దాకా ఇచ్చాడట. ఒకటి మోచేతంత పొడవు, బరువు, దానికి మూడుకాళ్ల స్టాండు. రెండోది గుప్పిట్లో ఇమిడేటంత, నల్లగా, ఒక కొసన గుడ్లగూబ కన్నులాంటి అద్దం. వెలుతురుతో వాటికి పనిలేదని, ప్రతిదాని వేడినీ పట్టి చూపిస్తాయని కేశవ చెప్పాడు. వేడిగా ఉన్నది తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా కనిపిస్తుంది.

అనూష కిటికీ తలుపులు మూసి గది చీకటి చేసింది. చిన్నదాన్ని కంటికి పెట్టుకుని మొగుడి వైపు తిప్పి కిలకిలా నవ్వింది.

"బావా, నీ ముక్కు నల్లగుండాది! మొగమంతా తెల్లగా, ముక్కు మాత్రం నల్లగా! చల్లగుండాదేమో చూడు."

"నీ ముక్కు చూసుకో ముందు."

ఆమె తన ముక్కు పట్టుకుని చూసుకుంది, నిజంగానే చల్లగా ఉంది, మళ్లీ నవ్వింది. తర్వాత అరచెయ్యి గోడకు ఆనించి, కాసేపు ఉంచి, తీసేసింది. "ఇప్పుడు చూడు బావా, చెయ్యి తీసేసినా గోడ మీద నా చెయ్యి ఉండాది!" కేశవ చూసి ఆశ్చర్యపడి, తన చెయ్యి కూడా ఆమె చేతిగుర్తు పక్కనే ఆనించాడు. ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు దుర్భిణి లాక్కుంటూ, గోడ మీద రెండు చేతులూ మాసిపోయేదాకా చూశారు.

"సరే, ఆటలయినాయి. ఏది తీసుకుందాం?" అన్నాడు కేశవ. "నాకైతే పెద్దదే నచ్చింది. ఏటి అవతల గట్టు మీద కుందేలు కూడా కనపడ్తాది."

"కుందేలుతో నీకేం పని? దాన్ని మోసేకి ఒక మనిషి కావల్ల, నిలబెట్టేకి స్టాండు కావల్ల. చిన్నదైతే మెడలో వేసుకోవచ్చు. తలకు కట్టుకోవచ్చు. ఫోన్‌కు కలిపి చూడొచ్చు. పందులే గాదు, బోరు మోటరు వేడెక్కిందా, స్టార్టరు డబ్బాలో వైరు కాల్తాండాదా, ఆవుకు జ్వరమొచ్చిందా, అన్నీ దీంతోనే." అనూష వేళ్లు మడుస్తూ చెప్పింది. ఆవు మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఆవుకు జ్వరం వస్తే బాగుండునన్నంత ఉత్సాహం ఉంది.

"వాడుకునేటోళ్లను అడుగుదాం. పంపన్నా, నువ్వు చూడు."

పంపన్న చిన్నదాన్ని అందుకుని కంటికి ఆనించుకున్నాడు. గది చుట్టూ తిప్పి పక్కీరప్ప దగ్గర ఆగాడు.

"అబ్బబ్బ! ఒరే పక్కీరా, దీంట్లో నువ్వు కూడా తెల్లగ కనపడ్తాండావు గదరా!"

కేశవ నవ్వాడు. అనూష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీ పెండ్లానికి చూపియ్యల్లప్పా దీన్ని. పాపం, ఇన్నేండ్లూ నల్లోడితోనే కాపురం చేసింది." పంపన్న దుర్భిణిని కేశవ చేతికిచ్చాడు. "చిన్నదే మేలు సామీ. మెడలో వేసుకుంటా. ముందు నాకియ్యి, పాతదయినాక ఎట్లాగూ వానికే గదా."

ఈసారి అందరూ నవ్వారు. పక్కీరప్ప కూడా నవ్వాడు. నవ్వకపోతే తెలిసిపోతుంది.

"పక్కీరప్ప చూడనే లేదు," అంది అనూష, దుర్భిణి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అది అతని చేతికి ఇంత హాయిగా ఇముడుతుందని అతను అనుకోలేదు. జొన్న ముద్దలాగా కుదురుకుంది. కంటికి పెట్టుకోగానే నల్లటి గదిలో తెల్లటి మనుషులు తేలారు. టీ గ్లాసులు వెన్నెలముద్దల్లా ఉన్నాయి. స్టూలు మీద పంపన్న నుదురు, మెడ, వెడల్పాటి ఛాతీ, అందరికన్నా ఎక్కువ తెల్లగా వెలిగిపోతున్నాయి. ఇందులో కూడా వీడే, అనుకున్నాడు పక్కీరప్ప. ఇందులో కూడా.

పంపన్న సైకిల్‌కు గాలి పట్టించుకుంటానని బయటికి పోయాక కేశవ అన్నాడు: "పక్కీరప్పా, ఈ పొద్దు పొద్దుగూకే టయానికి నీ మంచె మీదికొస్తాము. గుట్ట మీదయితే చేనంతా కనపడ్తాది. రెండూ పట్టుకొస్తా, ఏది మేలో తేలిపోతాది. కేకలొద్దు, టార్చి కొట్టొద్దు. అలికిడైతే పందులు కంపల్లోంచి బయటికి రావు. పంపన్నకు కూడా నువ్వే చెప్పు."

"చెప్తా సామీ."

*

మోక దాటాక వెనకనుంచి సైకిల్ గంట మోగింది.

"యాడికి నడుస్తావప్పా, ఎక్కు."

పక్కీరప్ప వెనక ఎక్కాడు. పంపన్న వీపు అతని ముఖానికి అడ్డంగా ఉంది. చెమటకు చొక్కా అంటుకుపోయింది. దారికి రెండు పక్కలా మిరపచేలు పండి, ఎర్రటి పంట ఎండకు వాసన వేస్తోంది. కాలువలో నీళ్లు గలగలమంటున్నాయి. ఇంకో రోజయితే పక్కీరప్పకు ఇది మంచి ప్రయాణం. కాళ్లు ఊపుకుంటూ కూర్చోవచ్చు.

కాలువ కట్ట ఎక్కేచోట పంపన్న దిగి సైకిల్ తోస్తూ నడిచాడు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు.

"గాలి ఎదురు కొడ్తాండాది," అన్నాడు.

పక్కనే జొన్నచేలో ఒక్క ఆకు కూడా కదలడం లేదు. పక్కీరప్ప అది చూశాడు. చూసి, ముసలోడయినాడు, ఒప్పుకోడు, అనుకున్నాడు.

"రేపట్నుంచి ఆ దుర్బీను మెడలో వేసుకుంటే ఉచ్చెంగి నన్ను పోలీసోడనుకుంటాది," పంపన్న తనలో తాను నవ్వుకున్నాడు. తర్వాత అడిగాడు: "నేనొచ్చినాక ఏమన్నా చెప్పినాడా చిన్నరెడ్డి?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు ఉండదు. కేకలొద్దంట, టార్చి వద్దంట. నాలుగు మాటలు. పక్కీరప్ప నాలుక మీదికి వచ్చాయి కూడా. అంతలో అతనికి ఇంకోటి కనిపించింది. పొద్దు గూకుతుంది. చిన్నరెడ్డి ఊపిరి బిగబట్టి కంపల వైపు చూస్తుంటాడు. అప్పుడు ఏటిమంచె మీదినుంచి ఆ గొంతు లేస్తుంది, చేనంతా అదిరేట్టు. పందులన్నీ ఏటిలో పడతాయి. చిన్నరెడ్డి ముఖం మాడిపోతుంది. చెప్పిన మాట వినడని, ఇట్లాంటివాడికి కొత్త వస్తువు ఎందుకని అంటాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ వేలు ఇటు తిరుగుతుంది.

"ఏం లేదు," అన్నాడు పక్కీరప్ప. "సుమ్నె, ఊరికే గుట్ట మీదికొచ్చి చూస్తానన్నాడు."

"అట్లనా," అన్నాడు పంపన్న. మళ్లీ సైకిలెక్కి, "ఎక్కప్పా," అన్నాడు.

చీలుదారి దగ్గర పక్కీరప్ప దిగాక, పంపన్న ఏటి దారిలో ఉన్న తన ఇంటి వైపు తిరిగాడు. ముందు హ్యాండిల్‌కు తాడేసి కట్టిన నల్ల కంబళి సైకిల్ కుదుపులకు ఊగుతూ పోయింది. అది సొంత కంబళి, పెళ్లిలో అత్తగారు పెట్టింది, అంచుకు ఎర్రదారం. పంపన్న దగ్గరున్నవాటిలో రెడ్డి ఇవ్వనిది అదొక్కటే. అందుకేనేమో అది ఎప్పటికీ పాతబడలేదు.

*

కేశవ, అనూష బైక్ మీద వచ్చారు. అనూష స్వెట్టరు మీద చీరకొంగు చుట్టుకుని, ఫ్లాస్కు, వేయించిన చెనిక్కాయల పొట్లం పట్టుకుని మంచె ఎక్కింది. మంచె ఎక్కడం ఆమెకు ఇదే మొదలు. చేలు, చేల మధ్య నీళ్ల మెరుపు, ఏటికి అవతల ఎర్రబడి చల్లారుతున్న ఆకాశం చూసి ఆమె చెనిక్కాయలు నమలడం మరిచిపోయింది.

"ఇంత బాగుంటాదా పక్కీరప్పా రోజూ?"

"ఉంటాదమ్మా," అన్నాడు. రోజూ ఉంటుంది. ఎవరూ అడగలేదంతే.

కేశవ పెద్దదాన్ని స్టాండు మీద నిలబెట్టి తిప్పుకుంటున్నాడు. చిన్నది పక్కీరప్ప చేతికిచ్చాడు. చీకటి దిగుతున్నకొద్దీ చేను దుర్భిణిలో మేలుకుంది. కంపమీద ముడుచుకున్న పిట్టలు తెల్లటి మొగ్గల్లా ఉన్నాయి. చెనిక్కాయ మళ్లలో ఎలుక ఒకటి తెల్లటి దారం లాగా పరుగెత్తింది. పక్కీరప్ప చూస్తూనే ఉన్నాడు, చెవులు మాత్రం ఏటి వైపు పెట్టాడు. పడమటి గుట్టలు నల్లబడ్డాయి. ఇదే వేళ. ఇప్పుడు వస్తుంది. గొంతు సవరించుకుని ఉంటాడు. ఇప్పుడు.

రాలేదు.

దూరంగా ఊళ్లో దీపాలు వెలిగాయి. కాలువ మీద కప్పలు మొదలుపెట్టాయి. కేక రాలేదు.

"చూసినావా," అన్నాడు కేశవ మెల్లగా పెళ్లాంతో. "మన పంపన్న అంతే. చెప్తే ఇంటాడు."

పక్కీరప్పకు ఒళ్లంతా చిరచిరలాడింది. చెప్పకుండానే మెచ్చుకోలు! చెప్పకుండానే... అతని ఆలోచన అక్కడ కాసేపు ఆగింది. చెప్పలేదు కదా. మరి ఎందుకు పిలవలేదు?

చిన్న దుర్భిణిని ఏటిమంచె వైపు తిప్పాడు. పగటి ఎండ మిగిలిన గుంజలు బూడిదరంగులో సన్నగా కనిపించాయి. పైన తడిక, అడ్డకర్ర, అంతా నలుపు. తెల్లటి ముఖం లేదు, తెల్లటి ఛాతీ లేదు. మనిషే లేడు.

లోపల ఏదో ఎగిరి గంతేసింది. లేడు! పొద్దుగూకకముందే కావలి వదిలి పోయినాడు. ఎన్నేళ్ల నుంచి ఇట్లా పోతున్నాడో! కేక వేసి ఇంటికి పోయి పడుకుని, తెల్లారి వచ్చి మళ్లీ కేక వేస్తున్నాడేమో!

"సామీ," అన్నాడు. "ఏటిమంచె మీద మనిషి లేడు సామీ."

కేశవ పెద్దదాన్ని అటు తిప్పాడు. చాలాసేపు చూశాడు. ఫోన్ చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. అతని నవ్వు ముఖం మెల్లగా బిగిసింది.

"పందులొచ్చే తావు వదిలేసి యాడికి పోయినాడు ఈయప్ప? మా నాయన వీళ్లను చూసుకుని నిద్రపోతాండాడు." ఊపిరి వదిలాడు. "సరే. చిన్నదే తీసుకుందాం. రేపట్నుంచి ఇది నీ దగ్గరే ఉంటాది పక్కీరప్పా. ఏటిమంచె కూడా నీదే."

అనూష దుర్భిణి తాడు విప్పి, "వంగు," అని, దాన్ని అతని మెడలో వేసింది. "బాగుండాది నీకు," అంది, నగ పెట్టి చూసినట్టు.

పక్కీరప్ప తాడును వేళ్లతో తడుముకున్నాడు. మెడలో కొత్త తాడు. దాని మీద ఇంతవరకు ఎవరి చెమటా పడలేదు. కోటు చేతులు వేళ్ల మీదికి జారాయి, వెనక్కి నెట్టుకోవాలని కూడా తోచలేదు. సుంకలమ్మకు చూపించాలి. ఈ గుట్ట మీదికే తీసుకురావాలి, మెల్లగా, కావాలంటే భుజం పట్టుకుని. పొయ్యి ముందు ఆమె ఎంత తెల్లగా ఉంటుందో చూడాలి.

ఆ సంతోషంతోనే మళ్లీ కంటికి పెట్టుకున్నాడు. ఏటిగట్టు మీద తెల్లటి ఆకారం ఒకటి నడుస్తోంది. పందులా? కాదు, మనిషి. చేతిలో ఇంకా తెల్లటి ముద్ద ఒకటి ఊగుతోంది. క్యారియర్. వేడి ముద్ద, పప్పు.

ఉచ్చెంగమ్మ.

మొగుడు ఇంట్లో ఉంటే ఈమె మంచెకు ఎందుకు వస్తుంది?

ఆమె మంచె కింద ఆగింది. తల పైకెత్తింది. క్యారియర్ కింద పెట్టింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పిలుస్తోందని అర్థమైంది, మాట ఇంత దూరం రాలేదు. తర్వాత నిచ్చెన పట్టుకుంది.

పక్కీరప్ప అడ్డకర్ర పట్టుకుని లేచాడు. ఆ మంచె మీద కంబళి ఉంటుంది. దళసరి ఉన్ని కంబళి. తల నుంచి కాళ్ల దాకా ముసుగేసుకుంటే లోపలి వేడి బయటికి రాదు. దానికోసమే కప్పుకునేది. అది తనకు తెలీదా? ప్రతి రాత్రీ తను కప్పుకున్నది ఏమిటి?

అతను నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ముందు కేక అతను వేశాడు.

"పంపన్నా... హోయ్..."

ఆ కేక పలచబడలేదు. చేనంతా దాటింది, ఏటి గట్టుకు తగిలింది. కంపల్లో పిట్టలు లేచాయి. అవతలి నుంచి బదులు వచ్చింది. అది ఉచ్చెంగమ్మ ఏడుపు.

*

పంపన్న గుంజకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని, కంబళి ముసుగులో ఉన్నాడు. పక్కన అగ్గిపెట్టె, ముట్టించని బీడీ ఒకటి ఉన్నాయి. చలికి ముడుచుకున్నాడేమోనని అనుకునేట్టే ఉన్నాడు. కేశవ మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు, ముక్కు కింద పెట్టి చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఊరికే కూర్చున్నాడు. అనూష కింద నిలబడి ఫోన్లో టెంపో కోసం చెబుతోంది.

"ఒళ్లు ఇంకా ఎచ్చగుండాది సామీ," అంది ఉచ్చెంగమ్మ. "చూడు, ఎచ్చగుండాది." కంబళి తీయనివ్వలేదు. చలి అంది. కొనలు ఇంకా దగ్గరికి లాగి, ఎర్రదారం అంచును అతని గడ్డం కింద దోపింది.

తర్వాత ఆమె పక్కీరప్ప వైపు తిరిగింది. తిట్టడానికి కాదు. నిజంగానే అడిగింది.

"ఆయప్ప కేక ఇనపల్యా నీకు?"

"లేదమ్మా."

"ఇనపకపోతే నువ్వన్నా పిలవల్యా పక్కీరప్పా?"

కేశవ అందుకున్నాడు. "ఈ పొద్దు కేకలొద్దని నేనే చెప్పి పంపిస్తినమ్మా. అందుకే..."

"ఆయప్పకు ఎవురూ చెప్పలే గదప్పా," అంది ఉచ్చెంగమ్మ. "ఇంటికాడ గొంతు పట్టిందని బెల్లం నీళ్లు కాపించుకోని తాగి వచ్చె. చిన్నరెడ్డి ఇంటాడు, గట్టిగా పిలవల్ల అనె."

కేశవ పక్కీరప్ప వైపు చూశాడు. ఆ చూపు అతని ముఖం మీది నుంచి మెడలోని తాడు మీదికి దిగి, అక్కడ ఆగి, పక్కకు తప్పుకుంది.

టెంపో గట్టు మీదికి వచ్చింది. ఊళ్లోంచి నలుగురు దిగారు. పంపన్నను ఎత్తేటప్పుడు కంబళి జారి మంచె మీదే పడిపోయింది. ఎవరూ గమనించలేదు. పొడుగుమనిషి, నిచ్చెన మీద దించడం కష్టమైంది. పక్కీరప్ప కాళ్లు పట్టుకున్నాడు. కింద పెట్టిన క్యారియర్‌ను ఉచ్చెంగమ్మ మరిచిపోకుండా తీసుకుని, టెంపోలో మొగుడి పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేనొస్తా సామీ," అన్నాడు పక్కీరప్ప.

"వద్దు," అన్నాడు కేశవ. "చేను ఖాళీగా ఉండాది. ఏటిమంచె నీదే గదా. ఉండు."

టెంపో ఎర్రదీపం మలుపు తిరిగింది. వెనకే బైక్ పోయింది. అనూష వెనక్కి తిరిగి చూసింది, మళ్లీ మొగుడి వీపుకు తల ఆనించింది.

పక్కీరప్ప నిచ్చెనెక్కాడు. ఏటిమంచె ఎక్కడం అతనికి అదే మొదలు. ఇక్కడినుంచి ఏరు ఇంత దగ్గరగా వినిపిస్తుందని తెలియదు. చేను మీదుగా చూస్తే గుట్టమంచె నల్లగా, చిన్నగా కనిపించింది. ఇప్పుడిక్కడ ముందు కేక వేస్తే బదులివ్వాల్సిన మనిషి అక్కడ లేడు. ఆ మనిషి ఇక్కడ, పచ్చ గుడ్డ అతుకువేసిన కోటులో నిలబడి ఉన్నాడు.

దుర్భిణి కంటికి పెట్టుకున్నాడు. అలవాటు లేని చేతికి కూడా అది సులువుగానే అందింది.

కంబళి తెరుచుకుని పడి ఉంది. దాని లోపలివైపు, ముడుచుకున్న రెండు మోకాళ్లు, వెడల్పాటి వీపు తెల్లగా కనిపిస్తున్నాయి. పక్కీరప్ప దాన్ని ముట్టుకోలేదు. మడవలేదు. తెలుపు అంచుల నుంచి మెల్లగా బూడిదరంగుకు తిరుగుతోంది. ముందు మోకాళ్లు పోయాయి. వీపు మాత్రం, ఎర్రదారం కుట్టిన అంచుకు కాస్త ఇవతల, ఉన్ని మడతలో అరచేతిమేర ఇంకా తెల్లగా ఉంది.